ట్రాన్స్‌ఫార్మర్‌కు విత్తన నూనె: నిప్పు, నేల, నీరు

హన్మకొండలోని సుబేదారికి ఆనుకొని ఉన్న నక్కలగుట్ట ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీకి కేంద్రస్థానం. అక్కడి విద్యుత్ భవన్ నుంచి, జనం ఎన్పీడీసీఎల్ అని పిలుచుకునే పంపిణీ సంస్థ, ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాలకు కరెంటు అందిస్తోంది. ఈ జిల్లాల్లో పొలం గట్ల మీద, ఊరి నడుమ, పత్తి మిల్లుల పక్కన, ఆసుపత్రుల ఆవరణల్లో గద్దెల మీదా స్తంభాల మీదా నిలిచిన ట్రాన్స్‌ఫార్మర్లలో దాదాపు అన్నింటి కడుపులోనూ నూనె ఉంటుంది. లోపలి తీగచుట్టలు మాడిపోకుండా కాపాడేది ఆ నూనే, ట్రాన్స్‌ఫార్మర్ అంటుకున్నప్పుడు మంటకు ఆహారమయ్యేదీ ఆ నూనే. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఈ పనిని ముడి చమురు నుంచి తీసిన ఖనిజ నూనె చేస్తూ వచ్చింది. 1990ల నుంచి సోయా, పొద్దుతిరుగుడు, ఆవ జాతి గింజల నూనెలు దాని స్థానంలోకి అడుగుపెడుతున్నాయి. వేడిని మోసుకుపోయే ద్రవంగా విత్తన నూనె ఎంతవరకు సురక్షితం, నేలకూ నీటికీ అది చేసే మేలు ఎంత, ఆ మేలు దక్కాలంటే మరమ్మతు షెడ్డులో మారవలసిన పనులేమిటి అన్నది ఈ ప్రసంగ విషయం.

ట్రాన్స్‌ఫార్మర్ గుండా పోయే విద్యుత్తులో కొంత భాగం ఇనుప కోర్‌లోనూ, రాగి లేదా అల్యూమినియం చుట్టలలోనూ వేడిగా మారుతుంది. చుట్టలలో పుట్టే వేడి లోడుకు వర్గ నిష్పత్తిలో పెరుగుతుంది, అంటే లోడు రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలవుతుంది. ఈ వేడిని అందుకున్న నూనె తేలికై పైకి లేచి, తొట్టికి బయట ఉన్న రేడియేటర్ గొట్టాలలోకి చేరి, అక్కడ గాలికి చల్లబడి కిందకు దిగి, తిరిగి చుట్టల మధ్యకు వస్తుంది. ఏ పంపూ లేకుండా తనంతట తాను సాగే ఈ ప్రసరణను సంవహనం అంటారు. అదే సమయంలో 11 వేల వోల్టుల చుట్టకూ ఇనుప తొట్టికీ మధ్య విద్యుత్తు దూకకుండా అడ్డుకునే నిరోధకం కూడా ఆ నూనే. ఈ రెండో గుణాన్ని విద్యుత్ సిబ్బంది బీడీవీ, అంటే బ్రేక్‌డౌన్ వోల్టేజి, పరీక్షతో కొలుస్తారు. చిన్న పాత్రలో నూనె పోసి, అందులో 2.5 మిల్లీమీటర్ల ఎడంతో ఎదురెదురుగా ఉన్న రెండు లోహపు గుండీల మధ్య వోల్టేజిని మెల్లగా పెంచుతూ పోయి, ఎన్ని వేల వోల్టుల దగ్గర నిప్పురవ్వ దూకుతుందో చూస్తారు. నూనెలో కాసింత తేమ ఉన్నా, ఒక్క నూలుపోగు తేలుతున్నా ఆ రవ్వ ముందుగానే దూకుతుంది. వేడిని బాగా మోసి తేమను తట్టుకోలేని ద్రవమైనా, నిరోధకంగా నిలిచి వేడిని మోయలేని ద్రవమైనా ట్రాన్స్‌ఫార్మర్‌కు పనికిరాదు కాబట్టి, ఈ రెండు పనులూ చేయగల ద్రవాలు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి.

ద్రవాల అగ్నిభద్రతను కొలవడానికి రెండు ఉష్ణోగ్రతలు చూస్తారు. వేడెక్కిన నూనె పైన చేరిన ఆవిరికి నిప్పు చూపగానే క్షణకాలం మంట మెరిసి ఆరిపోయే ఉష్ణోగ్రత ఫ్లాష్ పాయింట్ కాగా, మెరిసిన మంట ఆరకుండా నిలిచి మండే ఉష్ణోగ్రత ఫైర్ పాయింట్. ఖనిజ నూనెకు మొదటిది 140, 150 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనూ, రెండోది 160, 170 డిగ్రీల ప్రాంతంలోనూ ఉంటాయి. యాసంగిలో బోరు మోటార్లన్నీ ఒకేసారి తిరిగే వేళ లోడు మోసే ట్రాన్స్‌ఫార్మర్‌కు, మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో నిలిచిన తొట్టికి, ఫ్లాష్ పాయింట్‌తో ఉన్న ఎడం ఏమంత పెద్దది కాదు. లోపల షార్ట్ సర్క్యూట్ ఏర్పడితే వెలువడే విద్యుత్ చాపం, అంటే గాలిలోగానీ నూనెలోగానీ దూకి నిలిచే నిప్పు వంతెన, వేల డిగ్రీల వేడితో చుట్టూ ఉన్న నూనెను వాయువులుగా విడగొడుతుంది, ఆ ఒత్తిడికి తొట్టి ఉబ్బి అతుకుల దగ్గర పగులుతుంది, మండే నూనె కిందకు కారి అందినదానినల్లా అంటిస్తుంది. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలూ మిర్చి బస్తాలూ గుట్టలుగా వచ్చే వరంగల్ వంటి చోట, జిన్నింగ్ మిల్లుల గోడల పక్కనే ట్రాన్స్‌ఫార్మర్లు నిలిచి ఉండే చోట, ఆ కారే నూనె ఏ రకానిదన్నది చిన్న విషయం కాదు.

మండని నూనె కోసం వెతుకులాట కొత్తదేమీ కాదు. గడచిన శతాబ్దంలో దానికి దొరికిన జవాబు పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే క్లోరిన్ రసాయనాల కుటుంబం. పీసీబీలుగా పిలిచే ఈ ద్రవాలు మంటను తట్టుకున్నాయి, విద్యుత్తును అడ్డుకున్నాయి, దశాబ్దాలపాటు చెడకుండా నిలిచాయి. చెడకుండా నిలవడమే వాటి అసలు చేటు అని తెలిసేసరికి అవి నేలలోనూ చేపలలోనూ తల్లిపాలలోనూ చేరిపోయాయి. వేడిని మోసే ద్రవం గొట్టం దాటి బయటకు వస్తే ఏమవుతుందో చెప్పే అత్యంత విషాదకరమైన ఉదాహరణ 1968లో పశ్చిమ జపాన్‌లో జరిగింది. అక్కడి ఒక కర్మాగారంలో తవుడు నూనె వాసన పోగొట్టడానికి వాడే వేడి గొట్టాలలో ప్రవహిస్తున్న పీసీబీ ద్రవం, గొట్టానికి పడిన చిల్లుల గుండా వంటనూనెలో కలిసింది. ముందుగా ఆ కర్మాగారపు ఉపోత్పత్తి కలిసిన దాణా తిన్న లక్షల కోళ్లు చచ్చిపోయాయి, ఆ హెచ్చరికను గుర్తించేలోగా నూనె వాడిన కుటుంబాలలో చర్మమంతా మొటిమలు లేచి, గోళ్లు నల్లబడి, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కే జబ్బు వ్యాపించింది. జపాన్ భాషలో నూనె జబ్బు అనే అర్థంలో యుషో అని పేరు పడిన ఆ విపత్తులో బాధితులు వేలల్లో ఉన్నారు. 1979లో తైవాన్‌లోనూ అదే తీరుగా తవుడు నూనె ద్వారానే మరో విపత్తు జరిగింది. వరి పండించి, తవుడు నుంచి నూనె తీసే ప్రాంతాలవారు మరిచిపోకూడని చరిత్ర ఇది. భారత ప్రభుత్వం 2016లో వెలువరించిన పీసీబీల నియంత్రణ ఉత్తర్వు వీటి వాడకాన్ని 2025 డిసెంబరు 31 నాటికి పూర్తిగా నిలిపివేయాలని నిర్దేశించింది.

మండకపోవడం, మట్టిలో కలిసిపోవడం అనే రెండు గుణాలూ ఒకే ద్రవంలో కావలసినప్పుడు ఇంజనీర్ల చూపు గింజల వైపు తిరిగింది. విత్తన నూనె ప్రధానంగా ట్రైగ్లిజరైడ్ల సముదాయం, అంటే ఒక గ్లిసరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు అతికిన నిర్మాణం. ఈ అణువు ఖనిజ నూనె అణువు కంటే సుమారు మూడింతలు బరువైనది కావడం వల్ల తేలిగ్గా ఆవిరి కాదు, ఆవిరి లేకపోతే మంటకు ఊతం లేదు. విత్తన నూనెల ఫైర్ పాయింట్ 350 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఫైర్ పాయింట్ 300 డిగ్రీలు దాటిన ద్రవాలను అంతర్జాతీయ ప్రమాణాలు కె తరగతి అని వేరుగా లెక్కిస్తాయి. విత్తన నూనెలకు అంతర్జాతీయ ప్రమాణం 2013లోనూ, భారతీయ ప్రమాణం ఐఎస్ 16659 పేరుతో 2017లోనూ వచ్చాయి. నూనె మొత్తం 350 డిగ్రీల వేడికి చేరడం అరుదు కాబట్టి, తొట్టి పగిలినా కారిన నూనె నిలిచి మండే అవకాశం బాగా తగ్గుతుంది. అయితే ఇది మండని నూనె కాదు, అంటుకోవడానికి మొండికేసే నూనె మాత్రమే. విద్యుత్ చాపం వల్ల పుట్టే వాయువుల ఒత్తిడికి తొట్టి పగలడాన్ని ఏ నూనె కూడా పూర్తిగా ఆపలేదు, ఆ పని రిలేలదీ బ్రేకర్లదీ ఫ్యూజులదీ. పొలాల్లోని ట్రాన్స్‌ఫార్మర్లకు సరైన ఫ్యూజు తీగ బదులు చేతికి దొరికిన రాగి తీగను చుట్టే అలవాటు ఉన్నంతవరకు ఖరీదైన నూనె పోసి ప్రయోజనం లేదు.

విత్తన నూనెకు తేమతో ఉన్న సంబంధం ఆసక్తికరమైనది. గది ఉష్ణోగ్రతలో ఖనిజ నూనె పది లక్షల భాగాలకు సుమారు 55 నుంచి 60 భాగాల నీటిని మాత్రమే తనలో ఇముడ్చుకోగలదు, విత్తన నూనె వెయ్యి భాగాల వరకు ఇముడ్చుకుంటుంది. చుట్టలకు చుట్టిన నిరోధక కాగితం పాతబడే కొద్దీ తనలోంచి నీటిని పుట్టిస్తుంది, ఆ నీరే కాగితాన్ని మరింత త్వరగా పొడిపొడి చేస్తుంది. విత్తన నూనె ఆ నీటిని కాగితం నుంచి లాక్కొని, కొంత భాగాన్ని తన అణువులతో చర్య జరిపి ఖర్చు చేసేస్తుంది, ఆ చర్యలో పుట్టే పొడవాటి కొవ్వు ఆమ్లాలు కాగితానికి ఖనిజ నూనెలోని పొట్టి ఆమ్లాలంత హాని చేయవు. నిరోధక కాగితం ఆయుష్షు ప్రతి 6 నుంచి 8 డిగ్రీల అదనపు వేడికి సగానికి పడిపోతుందన్న పాత సూత్రాన్ని దృష్టిలో పెట్టుకుంటే, వేసవి లోడుతో ఏటా ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయే ప్రాంతానికి ఈ గుణం విలువ అర్థమవుతుంది. కాలకుండా నిలిచిన ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ ఎండిపోకుండా నిలిచిన కొన్ని ఎకరాల పైరుతో సమానం. పర్యావరణ లాభాల లెక్కలో దీనిని చేర్చకపోవడం పొరపాటు.

నేల సంగతికి వస్తే, తెలంగాణ పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్ నూనె నేలపాలయ్యే దారుల్లో ముఖ్యమైనది దొంగతనం. రాగి తీగ కోసం రాత్రివేళ స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌ను కిందపడేసి, మూత విప్పి, చుట్టలు పెరుక్కుపోయే దొంగలు నూనెను ఉన్నచోటనే పారబోస్తారు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో సైతం పదుల లీటర్ల నూనె ఉంటుంది. తెల్లవారి రైతు వచ్చి చూసేసరికి ఖాళీ తొట్టి బోర్లా పడి ఉంటుంది, గట్టు కింద మట్టి నల్లగా నాని జిడ్డుగా మెరుస్తుంటుంది, ఆ మరకలో గడ్డి ఎండిపోయి చాలాకాలం మళ్లీ మొలవదు. ఖనిజ నూనెను మట్టిలోని సూక్ష్మజీవులు చాలా నెమ్మదిగా, అదీ కొంత మేరకే అరిగించుకోగలవు. విత్తన నూనె వాటికి ఆహారం. 28 రోజుల ప్రయోగశాల పరీక్షలో కనీసం 60 శాతం విచ్ఛిన్నమైన పదార్థాలను సులభంగా మట్టిలో కలిసిపోయేవిగా పరిగణిస్తారు, శుద్ధి చేసిన విత్తన నూనెలు ఆ గీతను సునాయాసంగా దాటుతాయి.

అంతమాత్రాన అది చెరువులో ఒలికినా ఫర్వాలేదని చెప్పడం ప్రమాదకరమైన తప్పు. హన్మకొండ, కాజీపేటలకు దగ్గరలోని వడ్డేపల్లి చెరువు వంటి నిల్వ నీటిలోకి వందల లీటర్ల ఏ నూనె చేరినా అది నీటి మీద పొరగా పరుచుకొని గాలిని అడ్డుకుంటుంది, పక్షుల రెక్కలకు అంటుకుంటుంది. విత్తన నూనెను అరిగించుకునే సూక్ష్మజీవులు అదే వేగంతో నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకోవడం వల్ల చేపలకు ఊపిరాడని పరిస్థితి రావచ్చు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ జంతు, విత్తన నూనెల నిల్వలను సైతం ఒలుకుడు నివారణ నిబంధనల కిందికే తెచ్చింది. కాబట్టి భారత విద్యుత్ భద్రతా నిబంధనలు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల కింద కోరే నూనె గుంతలు, అంటే కారిన నూనెను పట్టి నిలిపే కంకర గోతులు, విత్తన నూనె పోసిన చోటా అవసరమే. తేడా అంతా కాలవ్యవధిలో ఉంది: ఒకటి వారాలలో తగ్గే నష్టం, మరొకటి ఏళ్లపాటు మట్టిలో ఉండిపోయే నష్టం.

ఇక విత్తన నూనె బలహీనతలు. మొదటిది చిక్కదనం. 40 డిగ్రీల వద్ద దాని స్నిగ్ధత, అంటే ప్రవాహాన్ని ఎదిరించే గుణం, ఖనిజ నూనె కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ, అందువల్ల రేడియేటర్ గొట్టాలలో మెల్లగా కదులుతుంది. కొత్తగా తయారుచేసే ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె దారులను వెడల్పు చేసి దీనిని సరిదిద్దుతారు, పాత తొట్టిలో నూనె మాత్రమే మారిస్తే చుట్టలు కొంత ఎక్కువ వేడెక్కుతాయి. సున్నా కంటే చాలా తక్కువ ఉష్ణోగ్రతలో గడ్డకట్టడం చలిదేశాలకు సమస్యే అయినా వరంగల్‌కు దానితో పనిలేదు.

అన్నింటికంటే లోతుగా ఆలోచించవలసినది ఆక్సీకరణం, అంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నూనె చిక్కబడటం. గోడ రంగులలో అవిసె నూనె ఆరి గట్టి పొరగా మారేది ఈ గుణం వల్లనే. అసంతృప్త కొవ్వు ఆమ్లాలు, అంటే కర్బన గొలుసులో జంట బంధాలు గలవి, ఎంత ఎక్కువగా ఉంటే ఈ ప్రమాదం అంత ఎక్కువ. ఊళ్లలో కనిపించే ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావరకు ఊపిరి పీల్చే రకం: వేడికి నూనె ఉబ్బినప్పుడు గాలి బయటకు పోయి, చల్లబడినప్పుడు సిలికా జెల్ గుళికలున్న బ్రీదర్ గుండా లోపలికి వస్తుంది. నీలి గుళికలు తేమ పట్టి గులాబి రంగుకు తిరిగినా మార్చకుండా వదిలేసిన బ్రీదర్లు ఖనిజ నూనెకే చేటు, విత్తన నూనెకు మరింత చేటు. అందుకే విత్తన నూనెను గాలి చొరబడకుండా మూసిన తొట్టిలోనే వాడాలని ఇంజనీర్లు పట్టుబడతారు.

మరమ్మతు షెడ్డులో మరో చిక్కు ఉంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మూత విప్పి, కోర్‌నూ చుట్టలనూ గొలుసుతో పైకి లేపి, నూనె కారిపోయేలా రోజుల తరబడి వేలాడదీయడం అక్కడ మామూలు. ఖనిజ నూనె తడి అలాగే ఉంటుంది. విత్తన నూనె పల్చటి పొరగా గాలికి ఆరి, వెచ్చటి షెడ్డులో బంకగా మారి, మళ్లీ నూనె పోసినప్పుడు సన్నని దారులను పూడ్చవచ్చు. అంతకంటే పెద్ద అపాయం చేతులూ పనిముట్లూ తుడిచే వేస్టు దారంలో దాగి ఉంది. అసంతృప్త నూనెలో తడిసిన నూలును ముద్దగా మూలన పడేస్తే ఆక్సీకరణ వేడి బయటకు పోయే దారిలేక పోగుపడి, ఏ నిప్పూ తగలకుండానే కొన్ని గంటల్లో పొగలు కక్కి అంటుకోగలదు. ఫైర్ పాయింట్ 350 డిగ్రీలున్న ద్రవం తుడిచిన గుడ్డలో మాత్రం గది వేడికే రాజుకోగలదన్న సంగతి షెడ్డులో పనిచేసే ప్రతి కార్మికుడికీ మొదటి రోజే చెప్పవలసినది. ఆ గుడ్డలను మూతగల ఇనుప డబ్బాలో నీళ్లు పోసి ఉంచడం ఖర్చులేని జాగ్రత్త.

ఏ గింజ నూనె అన్న ప్రశ్నకు సమాధానం నేలను బట్టి ఉంటుంది. వరంగల్ చుట్టూ విరివిగా పండే పత్తి గింజల నూనెలో త్వరగా ఆక్సీకరణ చెందే లినోలియిక్ ఆమ్లం సుమారు సగం ఉంటుంది, ఒకే జంట బంధం గల ఒలీయిక్ ఆమ్లం అధికంగా ఉండేలా పెంచిన పొద్దుతిరుగుడు వంగడాల నూనె ఈ పనికి ఎంతో మెరుగు. తెలంగాణలో విస్తరిస్తున్న ఆయిల్ పామ్ నుంచి వచ్చే నూనె చల్లటి పూట గడ్డకడుతుంది కాబట్టి, జపాన్‌లో దానిని రసాయనికంగా మార్చి పల్చటి ఎస్టరుగా చేసి ట్రాన్స్‌ఫార్మర్లలో వాడారు. అయితే దేశం తన వంటనూనె అవసరంలో సగానికి పైగా దిగుమతులతో తీర్చుకుంటున్నప్పుడు, తినే నూనెను ఇనుప తొట్టిలో పోయడం నైతికంగా తేలికైన నిర్ణయం కాదు. ఆ కోణంలో కానుగ వైపు చూపు మళ్లడం సహజం. కానుగ నూనె తినడానికి పనికిరాదు, చెట్టు బంజరులోనూ బతుకుతుంది, ఒలీయిక్ ఆమ్లం సుమారు సగం ఉంటుంది, దానిపై భారతీయ పరిశోధనశాలల్లో ప్రయోగాలు సాగాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ గిరిజన మహిళలు కానుగ గింజల నూనె ద్వారా ఆదా అయ్యే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు గాను 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్న సంగతి, ఈ ప్రాంతపు కానుగకు బయటి ప్రపంచం విలువ కట్టిన తొలి సందర్భాలలో ఒకటి. అయితే గానుగలో ఆడిన కానుగ నూనె నేరుగా పనికిరాదు. అందులోని స్వేచ్ఛా ఆమ్లాలనూ, జిగురునూ, తేమనూ తొలగించి, ఆక్సీకరణను నెమ్మదింపజేసే రసాయనాలు కలిపితేనే అది బీడీవీ పాత్రలో నిలబడుతుంది.

ఇంత ఆలోచించాక తేలేది ఒకటుంది. ఖనిజ నూనెతో నడిచే ట్రాన్స్‌ఫార్మర్లన్నింటినీ ఒక్కసారిగా మార్చడం అనవసరం, మార్చే స్తోమతా ఏ పంపిణీ సంస్థకూ ఉండదు. ఆసుపత్రుల ఆవరణలు, బహుళ అంతస్తుల భవనాలు, పత్తీ మిర్చీ నిల్వ ఉండే మార్కెట్లు, తాగునీటి చెరువుల గట్లు, ఈ నాలుగు చోట్లా కొత్తగా బిగించే ట్రాన్స్‌ఫార్మర్లు మొదటినుంచీ విత్తన నూనెకు తగినట్టు మూసిన తొట్టితో తయారై రావడం న్యాయమైన ఆరంభం. ధర ఖనిజ నూనె కంటే ఎక్కువే అయినా, అగ్నినిరోధక గోడలకూ ఎడానికీ అయ్యే ఖర్చు తగ్గడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా కుదించుకుపోతుంది.

ఆ తరువాత మిగిలేది నూనె కలగలుపు సమస్య. మట్టం తగ్గిన ట్రాన్స్‌ఫార్మర్‌లో లైన్‌మ్యాన్ తన వెంట తెచ్చిన డబ్బాలోని ఖనిజ నూనె పోస్తే రెండూ కలిసిపోతాయి, పైకి ఏ తేడా కనిపించదు, ట్రాన్స్‌ఫార్మర్ యథావిధిగా పనిచేస్తుంది. కానీ విత్తన నూనెలో ఖనిజ నూనె సుమారు 7 శాతం దాటితే మిశ్రమపు ఫైర్ పాయింట్ 300 డిగ్రీల గీత కిందికి జారి, కె తరగతి హోదా పోతుంది, అంటే వంద లీటర్ల తొట్టిలో ఏడెనిమిది లీటర్లు చాలు. దీనికి మందు ఖరీదైనది కాదు. తొట్టికి వేరే రంగు, నూనె పోసే మూత దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో నూనె పేరు, షెడ్డులో విడిగా డ్రమ్ములు, విడిగా వడపోత యంత్రం, విడిగా గొట్టాలు ఉండాలి, పాతబడిన విత్తన నూనె ఖనిజ నూనె డ్రమ్ములోకి పోకుండా బయోడీజిల్ తయారీకి వెళ్లే ఏర్పాటు ఉండాలి.